ఫిడేలు గుర్రానికి కళ్ళెం

హిందూపురంలో మేముండే ఇంటి పై వాటాలోకి ఈమధ్య ఒక కుటుంబం వచ్చింది. వాళ్ళ పాప ఫిడేలు నేర్చుకుంటోంది. మొన్నొక సాయంత్రం ఆ పిల్ల తల్లి మెట్లు దిగి వచ్చి, "పెద్దమ్మా, పాప సాధన మీకేమైనా ఇబ్బందిగా ఉందా? సౌండు తగ్గించే రబ్బరు ముక్క ఒకటి కొన్నాం, కావాలంటే అది పెట్టి వాయిస్తుంది" అంది. ఇబ్బందేమీ లేదన్నాను. అయినా ఆ పిల్ల మర్యాద తెలిసింది, ఆ ముక్క పెట్టే వాయిస్తోంది. పైకప్పులోంచి వినపడీ వినపడకుండా దిగే ఆ నాదానికి ఇంత వయసులోనూ నా అరచేతులకు చెమట పడుతుంది. ఎవరి నిద్రో చెడిపోతుందేమోనని లేచి తలుపు వేయబోతాను. మా ఇంట్లో పగటిపూట నిద్రపోయేది ఇప్పుడు నేనొక్కదాన్నే.

మా నాయన రైలింజను డ్రైవరు. ధర్మవరంలో ఇంజన్ షెడ్డు వెనక వరుసగా కట్టిన రైల్వే క్వార్టర్లలో మా ఇల్లు. బొగ్గు ఇంజన్ల కాలం అది. సాయంత్రం గూడ్సు బండి తీసుకుని పెనుకొండ మీదుగా హిందూపురం దాకా పోయి, ఇంకో బండితో తిరిగి పొద్దున్నే ధర్మవరం చేరేవాడు. ఎనిమిది గంటలకు ఇంట్లో అడుగుపెట్టేటప్పుడు ఆయన ఒంటినుంచి బొగ్గు, నూనె, ఆవిరి కలిసిన ఒక వాసన వచ్చేది. వేన్నీళ్ళు పోసుకుని, జొన్నరొట్టె ఊరిబిండితో తిని, ముందుగదిలో నులకమంచం మీద వాలేవాడు. నాలుగు గంటలకు కాల్‌బుక్కు తాత డ్యూటీ పుస్తకం పట్టుకుని వచ్చి లేపేదాకా మా ఇంట్లో పగలే రాత్రి.

నాయన పడుకోగానే అమ్మ వాకిటి కొక్కేనికి ఒక ఎర్రగుడ్డ తగిలించేది. ఆ గుడ్డ కనపడితే పెరుగమ్మే ఆమె కేక వేయకుండా దాటిపోయేది. చెనక్కాయలు అమ్మే మనిషి తక్కెడ గిన్నెలు మోగకుండా చేత్తో పట్టుకునేవాడు. బావి గిలకకు అమ్మ వారానికోసారి ఆముదం పూసేది. నా కాళ్ళకు గజ్జెల పట్టీలు ఉండేవి కావు. బెల్లం గడ్డ దొంగిలించినా పళ్ళతో కొరక్కుండా నోట్లో కరగబెట్టుకోవడం నాకు అలవాటైపోయింది. మా ఇంట్లో గట్టిగా మాట్లాడే హక్కు ఒక్క అవ్వకే ఉండేది. బుక్కపట్నం దగ్గర పల్లెనుంచి వచ్చి మాతో ఉండే ఆమెకు చెవులు సరిగా వినపడవు. "మీ నాయన పండుకోనుండాడు, గమ్మునుండు పాపా!" అని వీధి చివరకు వినపడేటట్టు గుసగుసలాడేది.

ఒక్కోసారి కోపమొచ్చి నేను అమ్మతో అనేదాన్ని, "నిద్రేగదమ్మా, ఇంత భయమేంటికి?" అని.

అమ్మ చాటలో బియ్యం ఏరుతూనే చెప్పేది. "మీ నాయనకు ఈడ నిద్ర చెడితే అది ఆడ తెలుస్తాది. ఆయన వెనక నలభై పెట్టెలుంటాయి. ముందర ఎవురుంటారో దేవునికి తెలుసు."

అలాంటి ఇంట్లోకి ఫిడేలు వచ్చింది. అది మా మేనమామది. హిందూపురంలో ఆయన కొన్ని నెలలు నేర్చుకుని, చేతులు నొప్పులని మానేసి, ఒక సెలవుల్లో మా ఇంట్లో వదిలేసిపోయాడు. నేను దాన్ని వదల్లేదు. ధర్మవరంలో నేతగాళ్ళ వీధిలో ఒక ముసలి అయ్యవారు ఫిడేలు చెప్పేవాడు. ఆయన ఇంటికి అటూ ఇటూ మగ్గాలే. తెల్లవారినకాన్నుంచి ఆ టకటకల మధ్యే పాఠం. ఆయన మగ్గాలను మించి వినపడేటట్టు వాయించమనేవాడు. ఇంటికొస్తే చీమ కూడా వినకూడదు. నెలరోజులు నేను కమాను తీగకు తాకించకుండా, గాలిలో వాయించి సాధన చేశాను. నాయన అది చూశాడు. ఒకరోజు పడుకోబోయే ముందు నా ఫిడేలు ఒళ్ళో పెట్టుకుని, తీగలను మోసే చెక్క ఉంటుందే, దాన్ని గుర్రం అంటాం, ఆ గుర్రాన్ని దారంతో కొలిచి ఆ దారాన్ని జేబులో వేసుకున్నాడు.

వారం తర్వాత కాగితం పొట్లంలో ఇత్తడి ముక్క ఒకటి తెచ్చిచ్చాడు. దువ్వెనలాగా మూడు పళ్ళు, బొటనవేలంత లావు. షెడ్డులో ఫిట్టరు చేత ఆకురాయితో అరగదీయించి చేయించాడట.

"గుంతకల్లు రన్నింగ్ రూములో ఒక దొర డ్రైవరు దగ్గర చూసినా. పక్కన మేమంతా పండుకుంటే ఆయప్ప ఇట్లాంటిది గుర్రం మీద పెట్టుకోని వాయించుకుంటాండె. మాకు వినపడేదే కాదు. పెట్టు, చూస్తాం" అన్నాడు.

గుర్రం మీద దాన్ని కూర్చోబెట్టి కమాను లాగాను. తుమ్మెదను డబ్బాలో పెట్టి మూత వేసినట్టు ఎక్కడో సన్నగా జుమ్మంది, అంతే. నాయన మంచం మీదనుంచి, "యాడ వాయిస్తాండావు, వాయించు!" అన్నాడు. నేను వాయిస్తూనే ఉన్నాను. అందరం నవ్వాము, చప్పుడు లేకుండా.

అయ్యవారు దాన్ని చూసి ముక్కు మీద వేలేసుకున్నాడు. "గుర్రానికి కళ్ళెమేసినాడా మీ నాయన!" అన్నాడు. అప్పటినుంచి మా ఇంట్లో దాని పేరు కళ్ళెం.

ఏడాదిన్నర ఆ కళ్ళెంతోనే నా సాధన. వెనక వంటింట్లో, పొయ్యి పక్కన, కట్టెపొగ వాసనా కమానుకు రాసే గుగ్గిలం వాసనా కలిసిన చీకట్లో కూర్చుని వాయించేదాన్ని. వేళ్ళు బాగా తిరిగాయి. కాని కుడిచేయి పిరికిదైపోయింది. కమాను మీద బరువు వేస్తే ఇల్లంతా మేలుకుంటుందన్న భయం చేతిలో కూర్చుంది. కళ్ళెం తీసి అయ్యవారి ముందు వాయించినా ఆ భయం పోయేది కాదు.

ఆ ఎండాకాలం హిందూపురంలో శ్రీరామనవమి పందిట్లో అయ్యవారి కచేరి ఉంది. శిష్యుల్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని కల్యాణి రాగంలో వర్ణం వాయించనిస్తానన్నాడు. ఆ అవకాశం నాదో, నాతోపాటు నేర్చుకునే ఇంకో పిల్లదో తేలాలి. రెండు రోజుల ముందు నన్ను వాయించమని విని, పెదవి విరిచాడు.

"పిల్లి నడిచినట్టు వాయిస్తాండావే. పందిట్లో ముందర కూర్చున్నోనికి గూడా వినపడదు. ఎల్లుండి పొద్దున్నే రా. అప్పుడూ ఇట్లే ఉంటే ఆ పిల్లనే పిల్చుకోని పోతా."

మర్నాడు మధ్యాహ్నం ఎండకు రేకులు పటపటమంటున్నాయి. ఆరోజు నాయన బండి ఆలస్యంగా వచ్చింది. ఆయన పడుకునేసరికే పదకొండు దాటింది. అమ్మ రేషన్ అంగడికి పోయింది. అవ్వ వసారాలో కునికిపాట్లు పడుతోంది. వంటింట్లో కూర్చుని కళ్ళెంతోనే వర్ణం మూడుసార్లు వాయించాను. నా చేయి ఎంత బలహీనంగా ఉందో నాకే తెలియడం లేదు. ఒక్కసారి, ఒక్క పల్లవి, కళ్ళెం తీసి వింటే చాలు అనుకున్నాను. తలుపు దగ్గరగా వేసి, ఇత్తడి ముక్క తీసి పొయ్యిగట్టు మీద పెట్టాను.

పల్లవి వాయించాక ఆపలేకపోయాను. ఏడాదిన్నరగా నోరు నొక్కేసిన ఫిడేలు. ఆ నాదం ఆ చిన్న గదిలో గోడలకు తగిలి తిరిగొచ్చి నా దవడ ఎముకలో మోగింది. చేతిలోని భయం పోయింది. వర్ణం మొదటినుంచి చివరి దాకా వాయించాను. మళ్ళీ ఒకసారి వాయించాను. నాకు ఒళ్ళు తెలియలేదు.

తెలిసేసరికి ముందుగదిలో మంచం కిర్రుమంది.

తలుపు సందులోంచి చూశాను. నాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. వీపు గోడకు ఆనించి, కళ్ళు తెరిచి. ఆయన ఎప్పటినుంచి అలా కూర్చున్నాడో తెలియదు. 

"రోంత నీళ్ళియ్ పాపా" అన్నాడు.

చెంబుతో తెచ్చిచ్చాను. తాగాడు. తిడతాడని నిలబడ్డాను. చెంబు నా చేతికిచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. వంటింట్లోకి పోయి కళ్ళెం గుర్రం మీద పెట్టేశాను. కాని మళ్ళీ వాయించలేదు. తలుపు సందు దగ్గరే కూర్చుని ఆయనను చూస్తూ ఉండిపోయాను. అటు పొర్లాడు, ఇటు పొర్లాడు. గురక రాలేదు. అమ్మ వచ్చింది, చెప్పలేదు. నాలుగైంది.

కాల్‌బుక్కు తాత వాకిట్లో నిలబడి పుస్తకం చాపాడు. "నిద్రయిందా డ్రైవరప్పా?" ఆ మాట ఆయన రోజూ అడిగేదే.

"అయింది" అని నాయన సంతకం పెట్టాడు.

అది అబద్ధమని ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. అమ్మ కట్టిచ్చిన రాగి సంగటి డబ్బా తీసుకుని, నా తలమీద చేయి ఒకసారి ఆనించి ఆయన పోయాడు. ఎదురింటి ఫైర్‌మన్ మామ కూడా ఆయన వెంటే. ఇంజనులో బొగ్గు వేసేది మామే. మూడేళ్ళుగా ఇద్దరిదీ ఒకే బండి.

మర్నాడు పొద్దున ఫిడేలు సంచిలో పెట్టుకుని అయ్యవారింటికి బయలుదేరుతున్నాను. అవ్వ కోసం అమ్మ ఒగ్గాని చేస్తోంది. తడిపిన బొరుగుల మీద తాలింపు వాసన వీధిలోకి వస్తోంది. అప్పుడు షెడ్డులో కూత మోగింది.

షెడ్డు కూత మాకు గడియారం. ఎనిమిదికి ఒకటి, పన్నెండుకు ఒకటి. కాని అది ఆగి ఆగి, పొడుగ్గా, మళ్ళీ మళ్ళీ మోగింది. వరుసలోని ఇళ్ళన్నిట్లోంచీ ఆడవాళ్ళు వాకిళ్ళలోకి వచ్చారు.  ఎన్ని కూతలో వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నారు. ఎక్కడో బండి పడిపోతే సహాయం బండి బయలుదేరమని పిలిచే కూత అది. ఎదురింటి అత్త, ఫైర్‌మన్ మామ పెండ్లాం, చంకలో మూడు నెలల బిడ్డతో నిలబడి అమ్మవైపు చూసింది. అమ్మ ఆమెవైపు చూసింది. ఆ పొద్దున దారిలో ఉన్న బండి ఒక్కటే.

నేను సంచి దింపి గడపమీద కూర్చున్నాను. అవ్వకు కూత వినపడలేదు. "ఏమైంది? అందురూ ఆడేంటికి నిల్చుకున్యారు?" అని అరుస్తోంది.  బొరుగులు మాడిన వాసన వచ్చింది.

పదింటికి వార్త వచ్చింది. పెనుకొండ దగ్గర. సిగ్నల్ దాటిపోయి ఇంజను, ఆగని బండ్లను ఆపడానికి పోసి ఉంచిన ఇసుకలోకి దూసుకుపోయింది, వెనక రెండు పెట్టెలు పడ్డాయి. ఎవరెలా ఉన్నారో తెలియదు. పన్నెండైంది. ఒంటిగంటైంది. అమ్మ రాతిబొమ్మలా స్తంభానికి ఆనుకునే ఉంది. నేను దేవుడి పటం ముందు నిలబడి, మళ్ళీ జన్మలో ఫిడేలు ముట్టనని చెప్పాను. ఆ మాట తప్ప నా దగ్గర దేవుడికి ఇవ్వడానికి ఇంకేమీ లేదు.

రెండు గంటల బండిలో నాయన వచ్చాడు. నుదుటికి గుడ్డ కట్టు. చొక్కా చినిగి ఉంది. మా వాకిట్లోకి రాకుండా తిన్నగా ఎదురింటికి పోయి, అత్త ముందు నిలబడ్డాడు.

"కాలిరిగిందమ్మా. అంతే. దుమికినాడు. పెనుకొండ ఆస్పత్రిలో ఉండాడు. పానానికేం బయం లేదు."

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది.

మూడోరోజు రైల్వే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. తెల్ల ప్యాంటు, చేతిలో ఫైలు. నాయనను ఆఫీసులో అప్పటికే అడిగారట. డ్రైవరుకు నిద్ర సరిగా ఉండిందా, లేక సిగ్నల్ చూసి చెప్పాల్సిన ఫైర్‌మన్ చెప్పలేదా, అది తేల్చాలి. నాయనను బయటికి పంపి, వసారాలో కుర్చీ వేయించుకుని అమ్మను అడిగాడు.

"బాగా పండుకున్యాడు సార్. పండుకుంటే మా ఇంట్లో ఎర్రగుడ్డ కడ్తాం. వీధి వీధంతా చెప్తాది" అంది అమ్మ. ఆమె నిజమనుకునే చెప్పింది.

ఆయన రాసుకుని తలెత్తాడు. వంటింటి వాకిట్లో నిలబడ్డ నన్ను చూశాడు.

"ఫిడేలు నేర్చుకుంటున్నావట కదా పాపా. నాన్న నిద్రపోయేటప్పుడు కూడా వాయిస్తావా?"

 అమ్మే జవాబు చెప్పింది. "దానికొక కళ్ళెముంది సార్. పెడితే వినపడదు. చూపించు పాపా."

ఫిడేలు తెచ్చాను. ఇత్తడి ముక్క గుర్రంమీదే ఉంది. ఆయన ముందు కూర్చుని వర్ణం వాయించాను. కమాను ఒకచోట తీగమీద జారింది. అయినా ఏమీ వినపడలేదు. ఆయన ముందుకు వంగి చెవి పెట్టాడు, నవ్వాడు. "భలే ఉపాయం! పక్క గదిలోకి కూడా పోదు" అని కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

ఒక్క మాట మాట్లాడకుండా నేను అబద్ధం చెప్పాను.

తలెత్తితే ఎదురింటి అత్త తన గడపలో నిలబడి మావైపే చూస్తోంది.

సాయంత్రం బావి దగ్గర ఆమె నాకు ఎదురైంది. బిందె నిండినా పోలేదు. నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె గొంతు చాలా మెత్తగా ఉంది.

"ఆ పొద్దు మద్యానం బిడ్డకు పాలిస్తా విన్న్యా పాపా. ఎంత బాగా వాయించినావు! బిడ్డ తాగేది మాని విన్యాది."

నేను తలదించుకున్నాను.

"మీ మామది తప్పని రాస్తారంట. సిగ్నల్ చెప్పలేదని. కాలు చూస్తే అట్లుండాది. ఉద్యోగం గూడా పోతే మేం యాడికి పోవల్ల? మా ఊరు ఆమడగూరు పోయి కూలి చేయల్ల." బిందె నడుమున పెట్టుకుంది. "నువ్వు చిన్నపిల్లవి. నీకేం తెల్దులే" అని వెళ్ళిపోయింది.

ఆమె ఎవరితోనూ చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు అంత కష్టంగా ఉండేది కాదు.

నాయన పెరట్లో రాతిమీద కూర్చుని ఉన్నాడు. డ్యూటీ నుంచి ఆపేశారు. పగలంతా ఏం చేయాలో తెలియక కొడవలి నూరుతున్నాడు. ఎదురుగా నిలబడి, ఒక్కసారిగా చెప్పేశాను. కళ్ళెం తీసింది నేనేనని, రెండుసార్లు వాయించానని, ఆయనకు నిద్ర లేకుండా పోయింది నావల్లేనని, ఇన్‌స్పెక్టరు దగ్గర దాచానని, నన్ను ఆఫీసుకు తీసుకుపొమ్మని, నేనే చెబుతానని. చెప్పేకొద్దీ ఏడుపు ఎక్కువైంది.

ఆయన కొడవలి పక్కన పెట్టాడు. 

"నువ్వు లేపలే" అన్నాడు.

"లేసి కూర్చోనుండావు కదా నాయనా. నేను చూసినా."

"నువ్వు లేపలే అంటాండా కదా. వాయించేటోళ్ళు వాయిస్తారు. పండుకోవల్సినోడు పండుకోవల్ల. నేను పండుకోలే." లేచి చేతులు దులుపుకున్నాడు. "ఆఫీసులో చెప్పేది పెద్దోళ్ళ పని. పో, మొగం కడుక్కో."

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని విచారణకు పోయాడు. అక్కడ ఏం చెప్పాడో తర్వాత వీధంతా తెలిసింది. ఆరోజు తనకు నిద్ర లేదని, ఉందని పుస్తకంలో తప్పు సంతకం పెట్టానని, ఇంజనులో కునుకు పట్టిందని, ఫైర్‌మన్ సిగ్నల్ చెప్పినా తనకు వినపడలేదని చెప్పాడట. నా మాటగాని, ఫిడేలు మాటగాని ఎత్తలేదు.

ఆయనను దారి బండ్లమీదనుంచి తీసేసి యార్డులో షంటింగుకు వేశారు. ధర్మవరం యార్డులోనే పెట్టెలు ముందుకూ వెనక్కూ తోసే పని. తొమ్మిదేళ్ళు అదే. పెనుకొండ కొండ ఆయన మళ్ళీ ఇంజనులోంచి చూడలేదు. మేము చిన్న క్వార్టరుకు మారాము. కాలు కొంచెం కుంటుతూనే ఫైర్‌మన్ మామ డ్యూటీలో చేరాడు. కొన్నేళ్ళకు ఆయనే డ్రైవరయ్యాడు. ఆయన బండి యార్డు దాటేటప్పుడు మా నాయన షంటింగ్ ఇంజను పక్కకు తీసి చెయ్యి ఊపేవాడు. ఆ చెయ్యి చూడలేక నేను ఇంట్లోకి పోయేదాన్ని.

అమ్మకు నేనే చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు కూర్చోబెట్టి జడ వేసింది, కళ్ళలో నీళ్ళు తిరిగేంత గట్టిగా లాగి. వేసి, తల మీద ముద్దు పెట్టుకుంది. అవ్వకు ఎవరూ చెప్పలేదు. చెబితే వీధంతా వినేది. "మా వాడు ఇంటికాడే ఉంటాడు, మంచిదాయె" అని ఆమె సంతోషపడింది.

శ్రీరామనవమికి ఆ ఇంకో పిల్ల హిందూపురం పోయింది. నేను ఆరు నెలలు ఫిడేలు ముట్టలేదు. దేవుడితో అన్నమాట ఒకటి ఉంది కదా. షంటింగులో నాయనకు పగటి డ్యూటీ. ఇప్పుడు పగలు ఎవరి నిద్రా చెడదు. అయినా ఫిడేలు పెట్టె మంచం కిందే ఉండేది. ఒక ఆదివారం ఆయనే దాన్ని బయటికి లాగి, దుమ్ము తుడిచి నా ఒళ్ళో పెట్టాడు.

"దేవునికి నేను చెప్పుకుంటాలే. వాయించు" అన్నాడు.

నేను మళ్ళీ మొదలుపెట్టింది ఆయన కోసమే. తర్వాత అదే నాకు బతుకుతెరువైంది. హిందూపురంలో ఆడపిల్లల స్కూల్లో సంగీతం టీచరునయ్యాను. నాయన వచ్చినప్పుడల్లా నా గది బయట కుర్చీ వేసుకుని వినేవాడు. బాగుందని గాని, బాగాలేదని గాని ఎప్పుడూ అనలేదు. ఆ కుర్చీలో ఆయన కళ్ళు మూసుకుంటే, నిద్ర బాకీ తీర్చుకుంటున్నాడేమో అనిపించి నాకు ప్రాణం విలవిలలాడేది.

ఆయన పోయిన మరుసటి ఏడు ఫైర్‌మన్ మామ మా ఇంటికి వచ్చాడు. రిటైరై పెనుకొండలో ఉంటున్నాడు. చేతికర్ర పక్కన పెట్టి, కాఫీ తాగి, ఇంకా ఏదో ఉన్నట్టు కూర్చున్నాడు.

"నీకొక మాట చెప్పల్ల పాపా. మీ నాయన ఉన్నన్నాళ్ళూ చెప్పద్దని నాచేత ఒట్టేయించుకున్యాడు. ఇంగ ఆయప్పే లేడు."

నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

"ఆ పొద్దు ఇంజన్లో మీ నాయన కునుకు తీయలే. నిద్రమొగమే లేదు ఆయప్పకు. హిందూపురం ఇడిచినకాన్నుంచి నీ మాటే. 'మా పాప ఎట్లా వాయించిందబ్బా ఈ పొద్దు! ఏడాదిన్నర ఇంట్లో ఇంత పెట్టుకోని నేను వినలేదే' అంటాడు. నోటితో పాడి చూపిస్తాండాడు. ఈడ ఇట్లా లాగింది, ఆడ ఇట్లా తిప్పింది అని. నేను పార పక్కన పెట్టి వింటాంటి. ఇద్దరమూ బయటికి చూడలే. చూసేతలికి సిగ్నల్ వెనకుండాది."

మామ కాఫీ గ్లాసు పక్కకు జరిపి మళ్ళీ చెప్పాడు.

"పాటలు పాడుకుంటా పోతిమని చెప్తే ఇద్దరి ఉద్యోగాలూ పోయేటివి. నిద్రలేదంటే ఒక్కనిదే తప్పు. ఆస్పత్రికొచ్చి నా చెయ్యి పట్టుకోని చెప్పినాడు, 'నువ్వు సిగ్నల్ చెప్పినావు, నేను వినలే, అంతే అను. పాపకు మాత్రం ఇది చెప్పద్దు. నిద్ర చెడగొట్టినా అనుకుంటే ఎట్లో మర్చిపోతాది. ఇది తెలిస్తే మళ్ళా ఫిడేలు ముట్టదు' అని."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. ముప్ఫయ్యేళ్ళు నేను ఆయన నిద్రను దొంగిలించానని మోశాను. ఇప్పుడు ఆ బరువు తీసేసి మామ ఇంకొకటి నా చేతిలో పెట్టాడు. ఏది తేలికో ఈనాటికీ చెప్పలేను. నేను వాయించినదానికి ఒక మనిషి అంత సంతోషించాడు. ఆ సంతోషంలో లోకాన్ని మరిచాడు. దానికి ఆయనకు తొమ్మిదేళ్ళ శిక్ష పడింది. కుర్చీలో కళ్ళు మూసుకున్న ఆ మనిషిని నేను ఒక్కసారైనా తట్టి, "ఎట్లుంది నాయనా?" అని అడగలేదు.

నాయన పాడతాడని కూడా నాకు తెలియదు. ఆయన నోట ఒక్క స్వరం నేను విన్నది లేదు.

"ఎట్లా పాడినాడు మామా? గుర్తుండాదా?" అని అడిగాను.

"నాకేం సంగీతమొస్తాది తల్లీ!" అని సిగ్గుపడ్డాడు. తర్వాత గొంతు సవరించుకుని, కళ్ళు మూసుకుని, బొగ్గుపొగకు చెడిన ఆ గొంతుతో మెల్లగా అందుకున్నాడు. శ్రుతి లేదు, తాళం జారిపోతోంది. కాని అది కల్యాణి వర్ణమే. చరణం దగ్గరికి వచ్చేసరికి ఒకచోట ఒక స్వరం ఎగిరిపోయింది. అది మామ పొరపాటు కాదు. ఆ మధ్యాహ్నం ఆవేశంలో రెండుసార్లూ నేను ఎగరగొట్టిన స్వరం అదే. నాయన నా తప్పును కూడా అలాగే పాడాడు, మామ దాన్ని అలాగే దాచుకున్నాడు.

ఇన్నేళ్ళుగా పిల్లలకు ఆ వర్ణం చెబుతున్నాను. ఎవరైనా అక్కడ తప్పితే వెంటనే ఆపి సరిచేసే అలవాటు నాకు. ఆరోజు ఆపలేదు. ఆయన చివరిదాకా పాడనిచ్చాను.